గంగమ్మకు అప్పగించిన ఫోను

పోలీసు స్టేషనులో బల్ల చూపించి కూర్చోమంటే అసిరమ్మ కూర్చోలేదు. కూర్చున్న వాళ్ళని మర్చిపోతారని ఆవిడకు ఏనాడో తెలుసు. ఎదురుగా నిలబడితే, తలెత్తి చూసీ చూసీ మెడ లాగేసైనా అవతలివాడు ఏదో ఒకటి మాట్లాడతాడు. ఆ రోజు ఎస్సై తిరుమలరావు తిప్పి తిప్పి ఒకటే మాట మాట్లాడాడు.

"ఫోన్ ఏదమ్మా? ఆధారం లేకుండా నన్నేం రాయమంటావు?"

ఫోను సముద్రంలో ఉంది. పారేసింది పేట పెద్దలు. పారేస్తుంటే ఒడ్డున నిలబడి దణ్ణం పెట్టుకున్న వాళ్ళలో అసిరమ్మ కూడా ఉంది. అందుకే ఆవిడకు ఎస్సై మీద ఎంత ఒళ్ళు మండుతోందో తన మీద అంతకు రెండింతలు మండుతోంది.

అసిరమ్మది కళింగపట్నానికి ఉత్తరాన, ఇసక దిబ్బల వెనక ఉన్న చిన్న పేట. పొద్దు పొడిచే వేళకు ఒడ్డుకు పోయి, తెప్పలు దిగగానే వేలంపాటలో నెత్తళ్ళ చేపలు పాడుకుని, ఎండబెట్టి, తట్టకెత్తుకుని సంతలకు తిరిగి అమ్ముకునే మనిషి. ఆవిడకు నోరు పెద్దదని పేటలో పేరు. పెద్దదే, కాదనడానికి లేదు. కానీ పుట్టుకతో వచ్చిన నోరు కాదది.

కొత్తగా పెళ్ళయిన రోజుల్లో ఆవిడ గట్టిగా మాట్లాడితే పక్కింటికి వినబడేది కాదట. మొగుడు గంగరాజు వాయుగుండం పట్టిన రోజుల్లో వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. అతనితో వెళ్ళిన వాళ్ళు ఎలాగో ఒడ్డుకు కొట్టుకొచ్చారు. కూతురు యమున అప్పటికి చంకలో పిల్ల. మొగుడు పోయినట్టు కాగితం ఇవ్వండి బాబూ అని ఆఫీసుకు వెళితే, శవం దొరికిందా అని అడిగారు. లేదంది. శవం లేకుండా పోయాడని ఎలా రాస్తాం, ఏ మద్రాసో వెళ్ళి ఇంకో సంసారం పెట్టి ఉంటాడులే అన్నారు. అక్కడున్న నలుగురూ నవ్వారు. ఇరవై ఏళ్ళు నిండని పిల్ల, ఏమీ అనలేక బిడ్డని ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది. ఆ రోజు నోరు విప్పనందుకు ఆవిడ తన్ను తాను ఎన్నడూ క్షమించుకోలేదు. తర్వాతి కాలంలో ఎవరైనా "పోనీలే అసిరమ్మా" అంటే చాలు, అంతెత్తున లేచేది.

రెండోసారి గవర్నమెంటుతో పని పడింది తిత్లీ తుపానుకి. రెండు వేల పద్దెనిమిదిలో. తుపాను రాకముందే మైకు కట్టిన ఆటో పేటంతా తిరిగింది. వేటకు పోవద్దు, ఇళ్ళు ఖాళీ చేయండి అని గొంతు పోయేలా అరిచింది. రానని మొండికేసిన ముసలివాళ్ళని రెక్క పట్టుకుని మరీ బండి ఎక్కించారు. వాళ్ళలో అసిరమ్మ ఒకర్తె. దారి పొడుగునా పోలీసుల్ని తిట్టింది, మర్నాడు ఒడ్డు చూశాక తిట్టినందుకు లెంపలేసుకుంది. ఒడ్డున కట్టిన తెప్పల్లో సగం లేవు. అల్లుడు లక్ష్ముడి తెప్ప కూడా లేదు.

నీళ్ళు తీశాక వీఆర్వో గణపతిరావు నష్టం రాయడానికి వచ్చాడు. అసిరమ్మ నడుముకి కొంగు బిగించి తయారుగా ఉంది, తెప్ప ఏదీ అని అడిగితే కడిగేద్దామని. ఆ మాటే అతను అడగలేదు. ఎక్కడ కట్టారు, ఎవరు చూశారు అని అడిగాడు. కులపెద్ద జగన్నాధం ముందుకొచ్చి, ఫలానా చోట ఫలానావాడి తెప్ప ఉండేది అని ప్రతిదానికీ సాక్ష్యం చెప్పాడు. గణపతిరావు రాసుకుని వెళ్ళిపోయాడు. గవర్నమెంటుకి ఇన్నాళ్ళకు కళ్ళొచ్చాయని అసిరమ్మ ఆశ్చర్యపోయింది. గంగరాజుని తలుచుకుని ఆ పూట ఏడ్చింది కూడా.

ఆ కార్తీకంలోనే తులసి గొడవ వచ్చింది.

తులసి యమున కూతురు, తొమ్మిదో తరగతి. యమున, లక్ష్ముడు గుజరాత్‌లో వెరావల్ రేవుకి వలస పోయారు. అతను బోట్ల మీద, ఆవిడ చేపల కంపెనీలో. పిల్ల అమ్మమ్మ దగ్గర చదువుకుంటోంది. వారానికోసారైనా మొహం చూసుకుందామని వాళ్ళు పిల్లకు ఫోను కొనిచ్చారు. ఆ ఫోనులో పాటలు ఎక్కించుకోవడానికి తులసి బజారులో వెంకీ సెల్లు దుకాణానికి వెళ్ళింది. వెంకీ పాతికేళ్ళ వాడు, ఈ పేట వాడే, జగన్నాధానికి మేనల్లుడు. పాటలు ఎక్కించినవాడు ఊరుకోకుండా ఫోనులో ఉన్న ఫోటోలు తన కంప్యూటర్లోకి లాక్కున్నాడు. బడి వార్షికోత్సవం నాడు నవ్వుతూ తీయించుకున్న ఫోటోలోంచి తులసి మొహం కత్తిరించి, చెప్పుకోలేని ఒక బొమ్మకు అతికించాడు. పిల్ల పేరు మీదే ఫేస్‌బుక్కు తెరిచాడు. తను పిలిచిన చోటుకి రాకపోతే ఊరందరికీ పంపుతానన్నాడు. తులసి వెళ్ళలేదు, ఎవరికీ చెప్పలేదు. వాడు అన్నంత పనీ చేశాడు.

అసిరమ్మకు తెలిసింది ఒడ్డున. పాట సాగుతుండగా ఇద్దరు కుర్రాళ్ళు ఫోనులోకి చూస్తున్నారు, ఆవిణ్ణి చూస్తున్నారు, మళ్ళీ ఫోనులోకి చూస్తున్నారు. ఏదో తేడాగా తోచి వెళ్ళి ఫోను లాక్కుంది. అందులో మనవరాలి మొహం. కడుపునొప్పి అంటూ పిల్ల బడి మానేసి గోడవైపు తిరిగి ఎందుకు పడుకుంటోందో ఆవిడకు అప్పుడు తెలిసింది. ఎవడు పంపాడని కుర్రాళ్ళని నిలదీస్తే వెంకీ పేరు చెప్పారు. చేపల తట్ట అక్కడే వదిలేసి, బజారుకి పోయి, వెంకీని చొక్కా పట్టుకుని, వాడి ఫోనుతో సహా రామకోవెల ముందుకి ఈడ్చుకొచ్చింది.

పెద్దలు కూర్చున్నారు. ముందు విషయం ఏమిటో తెలియాలి కదా అని ఫోను చేతులు మార్చారు. ఒకడు చూసి పక్కవాడికిచ్చాడు, వాడు చూసి ఆ పక్కవాడికి. ఒక పెద్దమనిషికి సరిగ్గా ఆనలేదని జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఆ కళ్ళజోడుని అసిరమ్మ జన్మలో మర్చిపోదు. వెంకీ అందరి కాళ్ళకూ మొక్కాలన్నారు, గంగమ్మ పండక్కి తప్పు కట్టాలన్నారు. తగువు తెచ్చిన వస్తువుని గంగమ్మకు అప్పగించాలన్నారు.

అది ఆ పేట పద్ధతి. ఒక కత్తి మీద తగువైతే కత్తి, వల మీద తగువైతే వల, ఏదైనా సరే కులపెద్ద తెప్ప మీద కెరటాలు దాటించి తీసుకెళ్ళి నీళ్ళలో వదులుతాడు. అక్కడితో తగువు తెగిపోయినట్టు. మళ్ళీ దాని ఊసెత్తకూడదు. అప్పగించిన వస్తువు గురించి అబద్ధమాడితే ఆ ఇంటి తెప్ప తిరిగి రాదని నమ్మకం. జగన్నాధం ఫోను తీసుకెళ్ళి వదిలేసి వచ్చాడు. బొమ్మ మునిగిపోయిందని అసిరమ్మ ఇంటికొచ్చి పిల్లకు తల దువ్వి, రేపటి నుంచి బడికి పొమ్మంది.

తులసి తల ఎత్తలేదు. "ఫోను మునిగితే బొమ్మ మునగదమ్మమ్మా," అంది. "అది అందరి కాడా ఉంటాది."

అసిరమ్మ నమ్మలేదు. ఆ వారంలోనే తులసితో చదివే ఒక పిల్ల వాళ్ళన్న ఫోనులోకి అదే బొమ్మ మళ్ళీ వచ్చింది. అప్పుడు నమ్మింది. తను ఒడ్డున నిలబడి దణ్ణం పెట్టింది ఎందుకో తలుచుకుంటే ఆవిడకు అన్నం సయించలేదు.

జగన్నాధం దగ్గరకు వెళ్ళింది. తెగిన తగువు మళ్ళీ తీయకూడదన్నాడు. పోలీసులకి చెప్తానంటే, కులం మాట దాటితే వెలి వేస్తాం, ఒడ్డున ఒక్క చేప కూడా పాడుకోలేవన్నాడు. పిల్ల పరువు కోసమే చెప్తున్నాను, పోనీలే అసిరమ్మా అన్నాడు. ఆ మాటతో ఆవిడ అక్కణ్ణించి నేరుగా మండలంలోని స్టేషనుకి వెళ్ళింది.

తిరుమలరావు చెడ్డవాడేం కాదు. అరవలేదు, బయటికి గెంటలేదు. కులంలో సర్దుబాటు అయిపోయిందని విన్నానన్నాడు. ఫోన్ లేదు, ఆధారం లేదన్నాడు. కేసంటూ పెడితే పిల్ల పేరు నలుగురి నోళ్ళలో నానుతుందన్నాడు. అయినా ఆడపిల్లకు ఫోన్ ఎందుకిచ్చారని చివర్న ఒక సలహా కూడా ఇచ్చాడు.

"సముద్రం మింగేస్తాదని మేం ఏట మానేసామేటి బాబూ?" అంది అసిరమ్మ. "దొంగని వొగ్గేసి, ఇంటికి తలుపెందుకెట్టారు అన్నట్టుంది నీ మాట."

మాట బాగానే తగిలింది కానీ పని జరగలేదు. మర్నాడు ఒడ్డున ఆవిడ పాట పాడితే ఎవరూ విననట్టే ఊరుకున్నారు. ఆవిడ కంటే తక్కువ పాడిన వాళ్ళకు చేపలిచ్చారు. అసిరమ్మ నవ్వింది. అందరికీ వినబడేలా, ఇవాళ మీ చేపలు కంపు కొడుతున్నాయని చెప్పి తట్ట నెత్తిన పెట్టుకుని ఇసకలో కళింగపట్నం దాకా నడిచిపోయింది. అక్కడి ఒడ్డు వాళ్ళకు ఈ పేట వెలితో పనిలేదు. రోజూ అలాగే నడిచింది. పాదాలు పగిలాయి, అయినా ఎవరి దగ్గరా ఆ సంగతి ఎత్తలేదు.

ఇంట్లో మాత్రం ఆవిడ ధైర్యం చాలేది కాదు. తులసి బడి బట్టలు మడతపెట్టి పెట్లో అడుగున పెట్టేసింది. యమున వెరావల్ నుంచి ఫోను చేస్తే మొహం చూపించనంది. పిల్ల బడికి వెళ్ళాలి. అసిరమ్మకు కావలసింది అదొక్కటే. వెంకీ జైలుకి పోతే సంతోషమే, పోకపోయినా ఆవిడ బతకగలదు. ఆ పెట్లోంచి బట్టలు బయటికి రాకపోతే మాత్రం బతకలేదు.

ఒకనాడు కళింగపట్నం ఒడ్డున వీఆర్వో గణపతిరావు కనిపించాడు. తుపానుకి పోయిన తెప్పల లెక్క మరోసారి సరిచూస్తున్నాడు. ఎక్కడ కట్టారు, ఎవరు చూశారు అని అదే ప్రశ్న అడుగుతున్నాడు. అసిరమ్మ తట్ట దించి అతన్నే చూస్తూ నిలబడిపోయింది. ఏం కావాలమ్మా అని అతనడిగితే, ఏమీ వద్దు బాబూ, నువ్వు చల్లగా ఉండు అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సోమవారం శ్రీకాకుళం కలెక్టరాఫీసులో అర్జీల వరుసలో ఆవిడ ఉంది. లోపల ఒక పెద్దాఫీసరమ్మ కూర్చుని అర్జీలు తీసుకుంటోంది. అసిరమ్మది చూసి, పోలీసులకి పంపిస్తాం వెళ్ళిరామ్మా అంది. వెనకవాళ్ళు తోస్తున్నారు. అసిరమ్మ కదల్లేదు.

"పోలీసుల కాడనుంచే వొచ్చానమ్మా," అంది. "తుపానుకి మా అల్లుడి తెప్ప పోయింది. తెప్ప ఏదీ అని మీవోళ్ళు అడగనేదు. ఎక్కడ కట్టారు, ఎవులు సూసారు అని అడిగి రాసుకున్నారు. సముద్రంలో కలిసిన తెప్పకి రాసినోళ్ళు సముద్రంలో కలిసిన ఫోనుకి రాయలేరేటి? సాచ్చికం కావాలా? మా పెద్దలందరూ ఆ బొమ్మ సూసారు. ఒకడు కళ్ళజోడెట్టుకుని మరీ సూసాడు. పారేసినోడు జగన్నాధం. తెప్పలకి సాచ్చికం సెప్పినోడూ ఆడే. పిలవండి."

ఆఫీసరమ్మ చేతిలో కలం పక్కన పెట్టింది.

"తుపానొస్తాదని మైకెట్టి సెప్పారు. రానన్నోళ్ళని రెక్కట్టుకుని ఈడ్చుకెళ్ళారు. నన్నూ ఈడ్చుకెళ్ళారు, మంచిదే. మరి నా మనవరాలి మీద ఇంత తుపానొస్తే ఏ ఆటో వొచ్చిందమ్మా? ఎవులు మైకెట్టారు?" అసిరమ్మకు ఏడుపు వస్తోంది. ఆ మనుషుల ముందు ఏడవకూడదని పళ్ళు బిగించి నిలబడింది.

ఆఫీసరమ్మ అక్కడినుంచే ఎస్సైకి ఫోను చేయించింది. పిల్లల మీద జరిగిన నేరం చెవిన పడితే అప్పుడే రాసుకోవాలని చట్టం ఉంది, రాయకపోవడం కూడా నేరమే, ఆ సంగతి మీకు గుర్తుందా అని అడిగింది. ఫోను పోతే దుకాణంలో కంప్యూటర్ ఉంటుంది, ఆ ఖాతా ఎక్కడినుంచి తెరిచారో కంపెనీ దగ్గర జాడ ఉంటుంది, వెతకడం మన పని కానీ ఆవిడ పని కాదు అంది. అసిరమ్మకు సగం అర్థమైంది. ఆ సగం చాలు, గుండె కుదుటపడింది. ఇంకేమైనా కావాలా అని ఆఫీసరమ్మ అడిగితే, ఉందమ్మా, ముందు ఈ పని అవనీ, తర్వాత వచ్చి అడుగుతానంది.

ఆ సాయంత్రమే కేసు రాశారు. పిల్ల స్టేషనుకి రానక్కర్లేదని పద్మకుమారి అనే పోలీసమ్మ మామూలు చీర కట్టుకుని ఇంటికే వచ్చింది. పోలీసని పేటలో ఎవరూ పోల్చుకోలేదు. తులసి పక్కన చాప మీద కూర్చుని, పిల్ల ఆగినప్పుడల్లా తనూ ఆగి, చెప్పిందంతా రాసుకుంది. ఇందులో నీ తప్పు ఒక్కటి కూడా లేదమ్మా అని వెళ్ళేముందు చెప్పింది. ఆ మాట అమ్మమ్మ వందసార్లు చెప్పింది. కానీ గవర్నమెంటు నోటి వెంట వింటే వేరు కాబోలు, తులసి ఆ రాత్రి కడుపునిండా తింది.

ఎస్సై తిరుమలరావు జగన్నాధాన్ని పిలిపించాడు. మేనల్లుణ్ణి కాపాడుకోవాలంటే జగన్నాధం ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఏ ఫోనూ లేదు, ఏ బొమ్మా లేదు అంటే చాలు. కానీ అది గంగమ్మకు అప్పగించిన వస్తువు. అతనికి ముగ్గురు కొడుకులు, ముగ్గురూ ఆ వేళ సముద్రం మీదే ఉన్నారు. అవును, నేనే వదిలాను, బొమ్మ చూశాను అని చెప్పి సంతకం పెట్టాడు. వెంకీ కంప్యూటర్లో ఆ ఫోటోలన్నీ దొరికాయి. తులసివి మాత్రమే కాదు, వేరే ఊళ్ళ పిల్లలవి కూడా. వెంకీని పట్టుకెళ్ళారు.

ఫేస్‌బుక్కు ఖాతా తీయించడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఉత్తరాలు రాశామన్నారు, జవాబు రావాలన్నారు. కంపెనీ ఎక్కడో సముద్రాలకు అవతల ఉందట. అసిరమ్మ రెండు రోజులకోసారి స్టేషనుకి వెళ్ళి, కూర్చోకుండా నిలబడేది. చివరికి ఎస్సైయే విసుగెత్తి, నీ కోసమైనా వాళ్ళు తీసేస్తే బాగుణ్ణు అన్నాడు. తీసేశారు.

అయినా తులసి పెట్టె తెరవలేదు. బడికి వెళ్ళే దారంతా ఎవడి జేబులో తన బొమ్మ ఉందోనని భయం. ఆ జేబుల్ని ఏ కంపెనీ వెతుకుతుంది? అసిరమ్మ మళ్ళీ సోమవారం శ్రీకాకుళం వెళ్ళింది. ఆఫీసరమ్మ గుర్తుపట్టింది. ఇంకేం కావాలమ్మా అంది.

"ఆటో," అంది అసిరమ్మ. "మైకు కట్టిన ఆటో."

సాయంత్రం పూట, మగవాళ్ళందరూ ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నప్పుడు ఆటో వచ్చింది. తుపానుకి వచ్చిన ఆటోయే. అనౌన్సరు కాగితం చూసి చదివాడు. మైనర్ బాలబాలికల అసభ్య చిత్రాలు కలిగి ఉండుట, పంపుట చట్టరీత్యా శిక్షార్హమైన నేరము అన్నాడు. ఒక్కడు కూడా వల మీంచి తల ఎత్తలేదు. ఏదో రుణమాఫీ సంగతి కాబోలు అనుకున్నారు. అసిరమ్మ ఆటో ఎక్కి మైకు అతని చేతిలోంచి తీసుకుంది.

"నాను అసిరమ్మని మాటాడతన్నాను. పిల్ల పేరు సెప్పకూడదని సట్టమంట. సెప్పను. ఆడి పేరు సెప్పొద్దని మాత్రం నాకెవులూ సెప్పనేదు. వెంకీ. జగన్నాధం మేనల్లుడు."

అనౌన్సరు కంగారుపడి మైకు వైరు కోసం వెతుక్కున్నాడు. ఆవిడ మోచేత్తో అతన్ని పక్కకు జరిపింది. ఒడ్డున వలలు ఆగిపోయాయి. జగన్నాధం లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"సిగ్గు నా మనవరాలిది కాదు. బొమ్మ సేసినోడిది, సూసినోడిది, దాసుకున్నోడిది. ఉంటే ఇప్పుడే తీసేయండి. పోలీసులు ఫోన్లు సూస్తామన్నారు. రేపు ఎవుడి కాడ దొరికినా ఆడి పేరూ, ఆడి బాబు పేరూ ఈ మైకులోనే సెప్తాను. నన్ను ఎలేసారు కదా, ఇంక మీరు నన్ను సేసీదేటి?"

ఒక కుర్రాడు జేబులోంచి ఫోను తీశాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. ఒడ్డు పొడుగునా తలలు వంగాయి, బొటనవేళ్ళు కదిలాయి. కళ్ళజోడు పెద్దమనిషి తన ఫోనులో ఎక్కడ నొక్కాలో తెలియక కళ్ళజోడు తగిలించుకుని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. అసిరమ్మ అతని వైపే చూస్తూ, అతను నొక్కేదాకా ఆటో దిగలేదు.

మైకు ఆపేశాక కూడా ఆవిడ ఆయాసం తగ్గలేదు. ఇంకా అనవలసినవి చాలా ఉన్నాయి. గంగరాజు సంగతి ఉంది, నవ్విన ఆ నలుగురి సంగతి ఉంది. ఇంతలో వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకుని లాగారు. చూస్తే తులసి. ఇన్నాళ్ళ తర్వాత గడప దాటి, అందరి ముందు నుంచీ నడిచి ఒడ్డుకి వచ్చింది.

"సాల్లే అమ్మమ్మా, ఇంటికి రా," అంది. "బట్టలు ఉతికి ఆరేసాను. రేపు నాకు బడుంది."